సంగమ్మ చెప్పని పేరు

“బిడ్డ ఎవరిది?”

“నాదే.”

“ఎక్కడున్నడు?”

“ఉన్నడు.”

“ఎవరింట్ల?”

అక్కడికి వచ్చేసరికి సంగమ్మ నోరు మూతపడింది. పొద్దున్నుంచి ఇదే వరస. ఎటు తిప్పి అడిగినా మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెబుతుంది, మూడోదానికి గోడ వైపు తిరుగుతుంది. అబద్ధాలు చెప్పేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల వల్లే నాలాంటి ప్రైవేటు డిటెక్టివ్‌లకు పని దొరుకుతుంది. నోరు విప్పనివాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

స్టేషన్ వెనక గదిలో నేల మీద కూచుని ఉంది ఆమె. నలభై అయిదేళ్లు ఉంటాయి. న్యాల్‌కల్ దిక్కు ఊళ్లో అల్లం తోటల్లో కూలి చేసుకునే మనిషి. పసిబిడ్డను కొన్నదని మొన్న పట్టుకొచ్చారు. కొన్నావా అని అడిగితే కొన్నానని ఒప్పుకుంది. ఎవరి దగ్గర అంటే మాట్లాడలేదు. ఆమె ఇల్లు వెతికితే బిడ్డ దొరకలేదు.

బిడ్డను వెతికిపెట్టమని నన్ను పనికి పెట్టుకున్నది డాక్టర్ మదన్‌మోహన్, జహీరాబాద్‌లో పసిపిల్లలకు ఆపరేషన్లు చేసే సర్జన్. రెండు నెలల ఆ మగబిడ్డను సంగమ్మే ఆయన దగ్గరికి తీసుకొచ్చింది. కడుపు డోలులా ఉబ్బి ఉంది, మందు వేస్తే తప్ప విరేచనం కాదు. ఇంట్లో ఇదివరకు పిల్లలెవరైనా పోయారా అని ఆయన అడిగాడు. నలుగురిని కన్నాను, నలుగురూ బాగున్నారు అని చెప్పింది. అప్పుడాయన బిడ్డ పెద్దపేగు చివర లోపలి పొర నుంచి మెతుకంత ముక్క తీసి బయాప్సీకి హైదరాబాద్ పంపించాడు. ఆ ముక్కలో నరాల కణాలు కనిపిస్తే ఫికర్ లేదు. కనిపించకపోతే పేగు చివరి భాగం పుట్టుకతోనే పని చేయడం లేదని అర్థం. మలాన్ని ముందుకు నెట్టలేదు, ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేయాలి. రిపోర్టు వచ్చేదాకా రెండు పూటలా రబ్బరు గొట్టంతో సెలైన్ నీళ్లు ఎక్కించి పేగు కడగాలని సంగమ్మకు నేర్పించి ఇంటికి పంపాడు.

రిపోర్టు వచ్చింది. ఒక్క కణం కూడా లేదు. వెంటనే తీసుకురమ్మని ఆయన ఫోన్ చేస్తే సరే సారూ అంది. రాలేదు. తర్వాత ఆమె ఫోనే పలకలేదు.

“సంగమ్మా, ఒక్కటి చెప్పు. రెండు రోజులసంది నువ్వు ఇక్కడున్నవు. బిడ్డకు నీళ్లు ఎవరు పెడుతున్నరు?”

ఆమె ముఖం మొదటిసారి చెదిరింది.

“ఇంకెవలకు రాదు మేడం,” అంది. “జర నన్ను ఒక్కపూట ఇడ్వమను. నీళ్లు పెట్టి మల్లొస్త. నా పిల్లల మీద ఒట్టు.”

“పోలీసులు నీ వెంట వస్తరు మరి.”

“ఎవలు రావొద్దు. నా ఎంబడి ఎవలు రావొద్దు,” అని మళ్లీ గోడ వైపు తిరిగింది.

బయట సీఐ రామచందర్ ఎదురుచూస్తున్నాడు. నన్ను లోపలికి పంపింది మంచితనంతో కాదు. ఆమె నా ముందు నోరు జారితే కేసు ఆయనకు తేలికవుతుంది. నాకంటే పదేళ్లు చిన్న, తెలివైనవాడు, ఆ సంగతి ఆయనకు అవసరానికి మించి తెలుసు.

“చెప్పిందా?”

“లేదు. ఆమెను బిడ్డ దగ్గరికి పోనియ్యండి. అవసరమైతే దూరంనుంచి చూడండి.”

“ఆమె ఊరిడిచి పోతే? మేడం, బిడ్డ ఈపాటికే బీదర్ దాటిండు. ఈమె నడిమి మనిషి. ఆరోగ్యం బాగున్నదో లేదో మీ డాక్టర్‌తోని పరీక్ష చేపించి మల్ల ఇంకొకలకు అమ్మిన్రు. మీ డాక్టర్‌ను గూడ పిలుస్త, ఫికర్ చేయకున్రి.”

“రోగమున్న బిడ్డను ఎవరు కొంటరు?”

“అందుకే రిపోర్టు వచ్చినంక మాయం జేసిన్రు.” జేబులోంచి ఫోన్ తీశాడు. “ఈ ఖబర్ ఇచ్చినామె పేరు చెప్పలే. మీరే వినున్రి.”

ఆడ గొంతు. దగ్గర్లో ఎవరైనా వింటారని భయపడుతూ మాట్లాడుతున్న గొంతు. “సంగమ్మ ఒక బిడ్డను కొన్నది సారూ. జల్ది రాండ్రి. బిడ్డను తీస్కపోండ్రి. జల్ది తీస్కపోండ్రి.” అంతే, కట్ అయింది.

రెండోసారి పెట్టించుకుని విన్నాను. ఏదో తేడాగా అనిపించింది. పగబట్టి ఫోన్ చేసేవాళ్లు ‘దాన్ని పట్టుకోండి’ అంటారు. ఈమె సంగమ్మను పట్టుకోమని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట రామచందర్‌తో అంటే నవ్వాడు.

సంగమ్మ ఇంటికి పోయాను. ఒక గది, ముందు రేకుల పంచ. ఆమె భర్త యాకోబు తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. ఏమడిగినా నాకేం ఎర్కలేదు అన్నాడు. వీళ్లింట్లో నోళ్లన్నీ ఒకే తాళంతో మూసినట్టున్నాయి. ఎదురుతిరగలేదు గానీ, నేను ఎటు కదిలితే అటు చూస్తున్నాడు.

పోలీసులు ఈ ఇంట్లో బిడ్డ కోసం వెతికారు. నేను బిడ్డ ఉన్న గుర్తుల కోసం వెతికాను. ఊయల లేదు. దూలానికి తాడు కట్టిన ఒరపిడి లేదు. దండెం మీద పొత్తిగుడ్డలు లేవు. పాలసీసా, పాలడబ్బా, ఆముదం, ఏవీ లేవు. రెండు నెలల బిడ్డ ఈ కప్పు కింద ఒక్కరోజు కూడా పడుకోలేదు. మూలన సెలైన్ ఖాళీ సీసాలు మాత్రం ఉన్నాయి. డాక్టర్ ఇచ్చిన గొట్టం, పెద్ద సిరంజి లేవు. అంటే సంగమ్మ ఇక్కడినుంచి సీసా పట్టుకుని రెండు పూటలా బిడ్డ ఉన్నచోటికే పోతోంది. నడిచిపోయేంత దగ్గరే.

తలెత్తి చూశాను. దూలం మీద, ఎవరికీ కనబడకుండా, కొత్త రవికె గుడ్డ కప్పి ఏదో ఉంది. నేను చెయ్యెత్తగానే యాకోబు ముందుకొచ్చాడు.

“అది ముట్టకు మేడం.”

అప్పటికే దించాను. చేట. కొత్తది, పసుపు రాసి ఉంది. అల్లికల సందుల్లో తవుడు ఇరుక్కుని ఉంది.

చేట పట్టుకుని అక్కడే కూచున్నాను. నా ఓటరు కార్డులో శ్యామల అని ఉంటుంది గానీ, కోహీర్‌లో మా ఇంట్లో నేను పెంటమ్మను. మా అమ్మకు నా ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. నేను పుట్టగానే చేటలో పండబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. పిల్లలంతా బతికి ఉన్న పొరుగింటామె దోసిళ్లతో తవుడు పోసి నన్ను కొనుక్కుంది. ఆ తర్వాత నేను ఆమె బిడ్డనే. పాలు అమ్మవి, పేరు ఆమెది. పుట్టువెంట్రుకలు తీసేదాకా ఎవరు అడిగినా నన్ను కన్నామె పేరు చెప్పకూడదు. చెబితే చావుకు అడ్రస్ చెప్పినట్టేనని నమ్మకం. ఆ చావు మళ్లీ ఆ ఇంటికే వస్తుందని భయం.

సంగమ్మ అందుకే గోడ వైపు తిరిగింది. ఆమె అబద్ధం చెప్పలేదు. బిడ్డ ఆమెదే. కొన్నదీ నిజమే. డాక్టర్ సరైన ప్రశ్నే అడిగాడు, కానీ కనని తల్లిని అడిగాడు.

అక్కడినుంచే మదన్‌మోహన్‌కు ఫోన్ చేశాను. బిడ్డను కన్న ఇంట్లో ఇదివరకు పిల్లలు పోయి ఉంటారు, ఇద్దరో ముగ్గురో, లేకపోతే ఈ చేట బయటికి రాదు అని చెప్పాను.

“ఈ జబ్బు కొన్ని ఇండ్లల్ల వరసగ వస్తది శ్యామలగారూ,” అన్నాడు. “ఆ ఒక్క ముక్క తెలిసి ఉంటే బిడ్డను ఇంటికి పంపేవాణ్నే కాదు. రిపోర్టు వచ్చేదాకా నా దగ్గరే పెట్టుకునేవాణ్ని. రెండు రోజులు కడగలేదంటే లోపల కుళ్లు పడుతది. జ్వరం మొదలైతే ఇంక గంటల లెక్కనే.”

చేట చంకలో పెట్టుకుని స్టేషన్‌కు వచ్చాను. రామచందర్ దాన్ని చూడగానే అర్థం చేసుకున్నాడు.

“తవుడు ముచ్చట నాకు కొత్త కాదు మేడం. మా నాయిన పేరే తవుటయ్య. కానీ గా ముచ్చటల కన్నతల్లి ఒకతి ఉంటది కదా. ఇక్కడ ఏది? ఊరంత అడిగిన. పాలు తాగే బిడ్డ ఉన్న ఇల్లు ఒక్కటి లేదు.”

“దాచి ఉంచారు.”

“సరే, దాచిన్రు. తన బిడ్డ కోసం వేరే ఆడిది రెండు రోజులసంది పోలీస్ స్టేషన్ల కూసుంటే, కన్నతల్లి రాకపోతదా? బిడ్డ కడుపు పలుగుతున్నదని తెలిసి గూడ రాకపోతదా? మీరొక తల్లే కదా, చెప్పున్రి.”

నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఆ రాని తల్లి మీద.

“మొన్న తీసుకొచ్చిన మనిషిని ఇరవైనాలుగు గంటలు దాటినా అరెస్టు చూపించలేదు మీరు,” అన్నాను. “సాయంత్రం నేను పిలిచిన లాయర్ వచ్చినప్పుడు ఆ సంగతి మాట్లాడదాం. అంతకు ముందు నాకు ఒక్కసారి ఆమెతో మాట్లాడే అవకాశం ఇవ్వండి. మీరు కూడా ఉండండి. ఆమె పేరు చెప్పదు. నేను అడగను కూడా అడగను.”

“మరేం జేస్తరు?”

“బిడ్డను కొంటా.”

ఆయన ఏమనుకున్నాడో గానీ అడ్డుచెప్పలేదు. కానిస్టేబుల్ మహాదేవమ్మను ఎదురుగా ఉన్న దాణా దుకాణానికి పంపితే పేపర్‌లో తవుడు పొట్లం కట్టించుకొచ్చింది. చేట చూడగానే సంగమ్మ లేచి నిలబడింది.

“దాన్ని ఎందుకు తెచ్చినవ్?”

“కూచో చెల్లే. నన్ను మా కోహీర్‌ల పెంటమ్మ అంటరు. ఎందుకంటరో నీకు చెప్పనక్కర లేదు. నువ్వు ఎవరి పేరు చెప్పొద్దు. ఆ బిడ్డను నాకు అమ్ము. అమ్మినంక వాడు నా బిడ్డ. నా బిడ్డను నేను ఏ దవాఖానకన్న తీస్కపోత.”

సంగమ్మ నన్ను, రామచందర్‌ను, మళ్లీ నన్ను చూసింది. “నీకు పిల్లలెందరు?”

“ఒక్కతే. వర్షిత. మంచిగున్నది.”

“పోయినోళ్లు?”

“ఎవరు లేరు.”

“బిడ్డ ఈడ లేడు గద. చేటల ఏం పెట్టి అమ్మాలె?”

బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీశాను. బయాప్సీ పరీక్ష నిజంగానే జరిగిందా అని రామచందర్ అడిగితే చూపించమని డాక్టర్ నాకిచ్చిన గాజుపలక అందులో ఉంది. హైదరాబాద్ నుంచి రిపోర్టుతో పాటు వచ్చింది. మధ్యలో గులాబీరంగు మరక, గోరుతో చెరిపేయగలిగినంత.

“ఇది వాడి పేగులోంచి తీసిన ముక్క. వాడి ఒంట్లోదే.”

ఆమె రెండు చేతులతో అందుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. “గిది తీసిననాడు ఏడ్వలే,” అంది. “ఏడుస్తడేమో అనుకున్న. నా ముఖమే చూసుకుంట పండుకున్నడు.”

గాజుపలకను చేటలో పెట్టింది. నేను దోసిళ్లతో తవుడు తీసి ఆమె కొంగులో పోశాను. ఆమె చేట నా ఒళ్లో పెట్టింది. స్టేషన్‌లో వైర్‌లెస్ ఏదో గొణుగుతూనే ఉంది. మహాదేవమ్మ చప్పున కళ్లు తుడుచుకోవడం చూశాను. రామచందర్ మాత్రం నేల చూస్తున్నాడు.

“నాకేం సంబంధం లేదు ఇగ,” అంది సంగమ్మ, కొంగులో తవుడు మూట కట్టుకుంటూ. “నీ బిడ్డ చెరుకు తోట అవతల ఉన్నడు. నీలిరంగు గేటు. వెంకట్ పటేలోళ్ల ఇల్లు.”

రామచందర్ తలెత్తాడు. “గా ఇంట్ల కోడలు బీదర్ల తల్లిగారింట్ల కన్నది, బిడ్డ పోయిండని చెప్పిన్రు నాకు. మూడోడు గూడ పోయిండని ఊరంత బాధపడ్డరు.” అప్పటికే జీపు తాళాలు చేతిలో ఉన్నాయి. “సంగమ్మా, నడువు.”

సంగమ్మ నా కారులో నా పక్కన కూచుంది, మహాదేవమ్మ స్టీరింగ్ పట్టింది, జీపు ముందు నడిచింది. పొలంలో ఒంటరిగా కట్టిన ఇల్లు అది. గేటు తీసింది అత్తగారు నారమ్మ. మా ఇంట్ల పసిపిల్లలు లేరు అంది. ఆమె వెనక తలుపు పక్కన కోడలు త్రివేణి నిలబడి ఉంది. రవికె ముందంతా పాలతో తడిసిపోయి ఉంది. కొంగు కప్పుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆ పిల్లకు.

నేను చేట చూపించాను. “నేను కొన్న బిడ్డ ఇక్కడున్నడు. తీసుకపోను వచ్చిన.”

నారమ్మ సంగమ్మ వైపు చూసింది. “అమ్మిన అవ్వా,” అంది సంగమ్మ. నారమ్మ దారి వదిలింది.

లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. పొట్ట బిగుసుకుపోయి, చర్మం మీద నీలం నరాలు లెక్కపెట్టేలా తేలి ఉన్నాయి. మెడ దగ్గర పసరు రంగు వాంతి ఎండిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. సంగమ్మ గూట్లోంచి గొట్టం, మిగిలిన సెలైన్ సీసా తీసి, గొట్టానికి నూనె రాసి నీళ్లు పెట్టింది. గదంతా కుళ్లు వాసన కొట్టింది. వచ్చిన నీళ్లలో నెత్తురు ఉంది. ఆమె గొట్టం తీసేసి బిడ్డను గుడ్డలో చుట్టింది.

“ముందుగాల ఇద్దరు గూడ గిట్లనే ఉబ్బిన్రు,” అంది నారమ్మ. “వామునీళ్లు తాపిన, కడుపు రాసిన, దేవునికి మొక్కిన. ఇప్పుడు పొట్ట కోసి దాంట్లకెల్లి దొడ్డికి పెడ్తరంట. గసొంటి బతుకు వానికెందుకని నేనే పంపలే. బతుకుతడనే కద అమ్మినం.” ఆమెను తిట్టాలనుకున్నాను.

బిడ్డను నేనే ఎత్తుకున్నాను. ఏడవలేదు. అంత తేలికైన బిడ్డను నేనెప్పుడూ మొయ్యలేదు. కారు దగ్గరికి వచ్చేసరికి త్రివేణి నా వెనకాలే వచ్చి, చెయ్యి అందేంత దూరంలో ఆగిపోయింది. బిడ్డ వైపు చూడలేదు. సంగమ్మ వైపు చూసింది.

“అక్కా, ఫోన్ చేసింది నేనే,” అంది.

రామచందర్ జీపు తలుపు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగాడు. ఆ గొంతు ఆయన జేబులోనే ఉంది.

“రిపోర్టు మంచిగ లేదని నువ్వు చెప్పినవ్. అత్తమ్మ పంపనన్నది. మా ఆయన తల్లి మాట దాటడు. నా బిడ్డ అని నేను అనొద్దాయె. అంటే సచ్చిపోతడని అందరు భయపెట్టిరి. బిడ్డను కొన్నరంటే పోలీసులు బిడ్డ కోసం వస్తరు, దవాఖానకు తీస్కపోతరు అనుకున్న. వాళ్లు నిన్ను తీస్కపోయిన్రు.” సంగమ్మ వైపు ఒక్క అడుగు వేసింది. “వానికి నీళ్లు పెట్టేది నువ్వొక్కదానివే. నిన్ను నేనే పంపిన అక్కా. రెండు రోజులు పక్కన కూసోని చూసిన.”

సంగమ్మ చెయ్యి చాచి త్రివేణి కొంగు ముందుకు లాగి, తడిసిన రవికె కప్పింది. తర్వాత కారు వెనక సీట్లో నా పక్కన కూచుని, నా ఒళ్లో ఉన్న బిడ్డ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. త్రివేణి గేటు దగ్గరే నిలబడిపోయింది.

రామచందర్ జీపు ఎక్కి సైరన్ వేశాడు. హైవే మీద లారీలు పక్కకు తప్పుకుంటున్నాయి. బిడ్డ ఊపిరి తీసుకున్నప్పుడల్లా చిన్న మూలుగు వస్తోంది. మూలుగుకూ మూలుగుకూ మధ్య ఎడం పెరుగుతోంది. నేను ఆ మూలుగు కోసమే చెవులు రిక్కించుకుని కూచున్నాను.

మదన్‌మోహన్ ఫోన్ చేశాడు. థియేటర్ రెడీగా ఉంది, నెత్తురు తెప్పించాను అన్నాడు. పొట్ట ఎలా ఉందో, నీళ్లలో ఏమొచ్చిందో చెప్పాను.

“చెయ్యగలిగింది చేస్త. ఎక్కువ ఆశ పెట్టుకోకండి,” అన్నాడు. “సంతకం పెట్టాలె. తల్లి వస్తున్నదా?”

వెనక్కి తిరిగి చూశాను. చెరుకు తోట ఎప్పుడో దాటిపోయింది. ఒళ్లో బిడ్డ నోరు తెరిచాడు, శబ్దం రాలేదు.

“వస్తున్నా,” అన్నాను.